సమాధుల రిజిస్టరులో కోసిన ఆకు

“చింపలేదు పాస్టరుగారూ. కోశారు,” అన్నాను.

లయొనెల్ ఆష్‌మోల్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన హేడెన్ గేట్ చర్చికి వచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆయన నెత్తిన పడ్డ అతి పెద్ద పిడుగు ఇదే. తొమ్మిదీ పదికి నాకు ఫోన్ చేశారు. తొమ్మిదిన్నరకల్లా నేను చర్చి వెనక గదిలో, ఇనప్పెట్టె ముందు నిలబడి ఉన్నాను. 1976 నవంబరు ఇరవై మూడు, మంగళవారం.

బల్ల మీద ఉన్నది సమాధుల రిజిస్టరు. 1813 నుంచి 1856 దాకా ఈ ఆవరణలో పాతిపెట్టిన ప్రతి మనిషి పేరూ అందులో ఉండాలి. పేజీకి ఎనిమిది మంది, మనిషికో నంబరు. 1216 తరవాత తిన్నగా 1233 వచ్చింది.

“పోయింది ఒక్క ఆకు. రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు మంది. 1849 జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి పంతొమ్మిది లోపల పోయినవాళ్లు.”

“వచ్చే సోమవారం ఈ రిజిస్టరు కోర్టుకి పంపాలి మిస్ రేబోల్డ్!”

“అందుకే పోయింది.”

నేను పంతొమ్మిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి మానేశాను. ఇప్పుడు లాయర్ల కోసం చచ్చిపోయినవాళ్లని వెతుకుతాను. బతికున్నవాళ్లకంటే వాళ్లే నయం. అబద్ధం చెప్పినా ఒక్కసారే చెబుతారు, తరవాత మాట మార్చరు.

కేసు ఇది. మార్చిలో లవీనియా సిడవే అనే ఎనభై ఏడేళ్ల అవివాహిత వీలునామా రాయకుండా పోయింది. ఆమె వెనక మూతబడ్డ గొలుసుల కార్ఖానా, దాని పక్కన పనివాళ్లుండే నలభై ఇళ్ల వరస మిగిలాయి. ఆ వరసని మేం గొలుసుల వీధి అంటాం. లవీనియా తండ్రి జొసయా. ఆయన, మేకులు కొట్టుకు బతికిన బెంజమిన్ సిడవే కొడుకు. చట్టప్రకారం ఆస్తి ఇక జొసయా తోబుట్టువుల సంతతికి చెందాలి. జొసయా అన్న ఈనాక్‌కి తాను మనవణ్ణని లెస్టర్ నుంచి క్లైవ్ సిడవే అనే బిల్డరు దిగాడు. నలభై ఇళ్లూ పడగొట్టిస్తానని అప్పుడే అందరికీ చెప్పేశాడు. జొసయా చెల్లెలు కెజీయాకి మనవరాలు నెల్ ట్రోమన్స్. వయసు డెబ్బై ఎనిమిది. ఆ వీధిలోనే పుట్టి, ఆ వీధిలోనే గొలుసులు కొట్టి, మోచేతుల దాకా కాలిన మచ్చలతో ఇప్పటికీ అక్కడే ఉంది. నేను నెల్ తరఫు. ఇద్దరూ వారసులని తేలితే చెరిసగం, నెల్ సంతకం లేకుండా అక్కడ ఒక్క ఇటుక కదలదు. నెల్ కాదని తేలితే మాత్రం నలభై కుటుంబాలు సామాన్లు సర్దుకోవాలి.

ఈనాక్ 1851 జనాభా లెక్కల్లో తల్లిదండ్రుల ఇంట్లో కనబడడు. అప్పటికి ఆరేళ్లవాడు. పక్క ఊళ్లో మేనమామ ఇంట్లో ఉన్నాడని క్లైవ్ మనుషుల వాదన. మట్టిలో ఉన్నాడని నా అనుమానం. ఆ మట్టి కబురు చెప్పాల్సిన ఆకే ఇప్పుడు లేదు.

“పెట్టెకి తాళంచెవులు ఎన్ని?”

“ఒక్కటే. నా దగ్గరే ఉంటుంది.”

“ఆకు ఉండగా చివరిసారి రిజిస్టరు తెరిచిందెవరు?”

“గురువారం ఫాన్‌షా గారు వచ్చారు, క్లైవ్ సిడవే తరఫున. రెండింటికొచ్చి నాలుగింటికి వెళ్లారు. నేను పక్కనే కూర్చున్నాను.”

“రెండు గంటలూ కదలకుండా?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “మూడూ పదికి ఇంట్లో ఫోన్ మోగింది. మూడూ ఇరవై ఐదుకి తిరిగొచ్చాను. అయినా నోక్ ఉన్నాడుగా ఇక్కడ, పొయ్యి తుడుస్తూ.”

“తరవాత పెట్టె ఎప్పుడు తెరిచారు?”

“శనివారం పెళ్లికి. పెళ్లిళ్ల రిజిస్టరు వేరు, దీన్ని ముట్టుకోలేదు. పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా సంతకాలయ్యాయి. పాపం ఆ పెళ్లికూతురు వణికిపోయింది. బొగ్గు నిండుకుంది, బండి నిన్నగాని రాలేదు. పెట్టెకి తాళం వేయమని నోక్‌కి చెప్పి నేను వాళ్లని సాగనంపడానికి వెళ్లాను. పన్నెండున్నరకి తాళంచెవి తెచ్చిచ్చాడు.”

భూతద్దం తీసి కోత దగ్గర వంగాను. ఆకుని కుట్టు పక్కనుంచి కోశారు. అగ్గిపుల్ల వెడల్పు అంచు మిగిలింది. కోత తెల్లగా ఉంది, కొత్తది. కింది పేజీ మీద కత్తి గీత పడాలి, పడలేదు. అంటే కోసేముందు కింద ఏదో అట్ట పెట్టారు. అంతేకాదు. మిగిలిన అంచు వదులై కుట్టు ఊడిపోకుండా దాన్ని పక్క ఆకుకి పల్చని మైదా జిగురుతో అతికించారు.

దొంగకి పుస్తకం మీద ఇంత ప్రేమేమిటి?

గోడ పక్క అలమరలో పాటల పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీశాను. చిరిగిన వీపు మీద అదే పల్చని జిగురు, అదే శుభ్రమైన పని.

“ఇవి అతికించేదెవరు?”

“నోకే. ఏం, ఏమైనా తెలిసిందా?”

“ఇంకా లేదు,” అని అబద్ధం చెప్పాను.

విల్‌ఫ్రెడ్ నోక్ బయట సమాధుల మధ్య ఊడుస్తున్నాడు. డెబ్బై ఒక్కేళ్లు. మా నాన్నతో కలిసి గొలుసులు కొట్టినవాడు. నలభై ఏళ్లుగా ఈ చర్చి గంటా, పొయ్యీ, చీపురూ ఆయనవే. గొలుసుల వీధిలో నెల్‌కి పక్కిల్లు.

“ఏమ్మా హిల్డా, పొద్దున్నే వారంటు పట్టుకొచ్చినట్టు వచ్చావు?”

“ఆకు పోయింది బాబాయ్.”

“ఊడుస్తూనే ఉన్నాగా, ఎన్నని ఏరను?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు మధ్యలో ఆగింది.

“గురువారం పాస్టరుగారు ఫోన్ కోసం వెళ్లినప్పుడు ఫాన్‌షా ఏం చేస్తున్నాడు?”

“రాసుకుంటున్నాడు.”

“చేతిలో కత్తి ఏమైనా ఉందా?”

“పెన్సిలు చెక్కుకునే చాకు ఉంది, బుల్లిది.”

“కోస్తుంటే చూశావా?”

“కోయడం చూళ్లేదు. నేను చూసిందల్లా…” చీపురు కర్ర మీద గడ్డం ఆనించాడు. “ఒక పేరు మీద వేలు పెట్టి తనలో తాను నవ్వుకున్నాడు. పిల్లి పాలగిన్నెని చూసినట్టు.”

“ఏ పేరు?”

“నాకేం తెలుసు? ఆ గొలుసుకట్టు రాత నాకెక్కడ అర్థమవుతుంది?”

ఈ చర్చిలో రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాలు కూడా తడిమి చదివి చెప్పే మనిషి ఆ మాట అన్నాడు.

“సరే. శనివారం పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా సంతకాలైపోయాయి. పన్నెండున్నరకి తాళంచెవి ఇచ్చావు. పాస్టరుగారి ఇల్లు ఇక్కణ్ణించి అరనిమిషం నడక. నలభై నిమిషాలు ఏం చేశావు?”

“పొయ్యిలో బొగ్గు నింపా. మర్నాడు ప్రార్థన ఉంది కదా.”

బొగ్గు బండి నిన్న వచ్చింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు కావలసిన దొంగ ఫాన్‌షా. కావలసిన దొంగని పెట్టుకుని ఆధారాలు వెతికేవాళ్లని ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనే తిట్టేదాన్ని. అయినా ఆయన్ని అక్కడే వదిలేసి ఫాన్‌షాని వెతుక్కుంటూ వెళ్లాను.

రోడ్నీ ఫాన్‌షా మార్కెట్ మూలనున్న హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. వారసుల్ని వెతికి పెట్టడమే అతని పని కూడా. లండన్ మనిషి. మెరిసే బూట్లు, తోలు సంచీ. ముందున్న ప్లేటులో బేకన్ వేసి ఉడికించిన బఠాణీలు సగం కూడా తగ్గలేదు. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది.

“కూర్చోండి మేడమ్. వీటిని మీ ఊరివాళ్లు తినడానికి వండుతారా, కొలిమిలో వేయడానికా?”

“అరగాలంటే పని చేసే ఒళ్లుండాలి లెండి. గురువారం మూడూ పది నుంచి మూడూ ఇరవై ఐదు దాకా మీరొక్కరే రిజిస్టరు ముందున్నారు.”

“పొయ్యి తుడిచే ముసలాయన్ని మీరు మనుషుల్లో లెక్కేయరా?”

“1849 ఫిబ్రవరి ఆకు కోసేశారు.”

అతని చెంచా ప్లేటుకీ నోటికీ మధ్య ఆగింది. ఒక్క క్షణం అతని ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది. బాగా నటిస్తున్నాడనుకున్నాను.

“కోసేశారా?” మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. “ఎంత పని చేశారు! మేడమ్, నా చేతిలో ఉన్న తురుపు ముక్కే ఆ ఆకు. దాన్ని నేనెందుకు కోసుకుంటాను? నా నోటుపుస్తకంలో ఉన్నది నా రాత. అసలు లేకుండా నా రాత చూపిస్తే కోర్టు నవ్వుతుంది. ఆకు పోతే నష్టం నాకు. లాభం ఎవరికో మీరే ఆలోచించుకోండి.”

“అందులో ఈనాక్ ఉన్నాడు. అందుకే భయం మీకు.”

“మీరింకా ఈనాక్ దగ్గరే ఉన్నారా?” అన్నాడు జాలిగా. “కోర్టుకిచ్చిన మీ అఫిడవిట్ చదివాను. రెండో పేరా చాలా బాగుంది. దాన్ని మార్చకండేం.”

“బెదిరింపా?”

“మెచ్చుకోలు. కానీ పోలీసులకి మాత్రం ఒక మాట చెప్పక తప్పదు. మీరు అడుగుపెట్టిన చోటల్లా పాత పుస్తకాలకి కాళ్లొస్తున్నాయి.”

“పోయింది ఒక్క ఆకు. చోటల్లా అంటారేం?”

అతను రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. బిల్లు తెమ్మని సైగ చేశాడు.

పదకొండున్నర బస్సెక్కాను. పాత రోజుల్లో ప్రతి చర్చీ ఏడాదికోసారి తన రిజిస్టర్లకి నకలు రాసి బిషప్‌గారికి పంపాల్సి వచ్చేది. కొందరు పాస్టర్లు బద్ధకించేవారు, కొందరు సగం రాసి పంపేవారు. ఎవరూ అడగని కాగితాలు. కానీ ఎలకలూ చెమ్మా వదిలిపెట్టినవి బిషప్ ఆఫీసులో ఇప్పటికీ కట్టలు కట్టి ఉంటాయి. ఆకు కోసినవాడి చెయ్యి అక్కడి దాకా వెళ్లి ఉండదు.

వెళ్లలేదు. ఒంటి గంటకి గుమాస్తా కట్ట తెచ్చి నా ముందు విప్పింది. 1849. మా పాస్టరు ఆ ఏడు బద్ధకించలేదు.

1217, మేరీ ఏన్ హింగ్లీ, పంతొమ్మిది నెలలు. 1218, జాబ్ డన్, ముప్ఫై నాలుగేళ్లు. 1219, సారా డన్, ఎనిమిదేళ్లు. వేలు పెట్టి ఒక్కొక్కరినీ దాటుకుంటూ దిగాను. పదహారు మందీ అయిపోయారు. ఈనాక్ లేడు.

మళ్లీ మొదటినుంచి చదివాను. ఈసారి ఈనాక్ కోసం కాకుండా చదివాను.

1226. కెజీయా సిడవే. మేకుల సందు. ఫిబ్రవరి నాలుగు. వయసు ఐదు వారాలు.

నా అఫిడవిట్ రెండో పేరా నాకు కంఠతా వచ్చు. ‘నెల్ ట్రోమన్స్ అమ్మమ్మ అయిన కెజీయా, బెంజమిన్, హన్నా సిడవేల కూతురు. 1849 జనవరి ఏడున ఇదే చర్చిలో బాప్తిస్మం పొందినది.’ కింద నా సంతకం. నెల్ అమ్మమ్మ అని నేను ప్రమాణం చేసిన ఆ బిడ్డని, బాప్తిస్మమైన నెలకే పాతిపెట్టేశారు. సోమవారం ఫాన్‌షా లేచి ఈ ఒక్క పంక్తి చదివితే చాలు. నెల్ ఎవరో దారినపోయే మనిషైపోతుంది.

ఆకు పోతే లాభం ఎవరికని ఫాన్‌షా అడిగింది ఇందుకన్నమాట. కోసింది మావాళ్లే.

సంచీలోంచి 1851 జనాభా లెక్కల కాపీ తీశాను. మార్చి ముప్ఫై రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లు: బెంజమిన్, హన్నా, జొసయా, కెజీయా. కెజీయా వయసు పదకొండు నెలలు. దాని పక్కన నా పెన్సిలు రాత ఉంది: ‘గుమాస్తా పొరపాటు, రెండేళ్లు ఉండాలి.’

గుమాస్తా పొరపాటు చేయలేదు. పొరపాటు నాది. మేకుల సందులో బిడ్డ పోతే తరవాత పుట్టినదానికి అదే పేరు పెట్టుకునేవాళ్లు. పేరైనా బతకాలని. ఇలాంటి ఇళ్లు నేనే యాభై చూసి ఉంటాను. 1850 వసంతంలో ఇంకో కెజీయా పుట్టింది. 1869లో పెళ్లినాడు పంతొమ్మిదేళ్లని రాయించుకుంది. ఆ లెక్కా సరిపోయింది. నెల్ అమ్మమ్మ ఈ రెండో పిల్ల.

అయితే ఆ పిల్ల పుట్టిందని రాతపూర్వకంగా చెప్పేదెవరు? ఆ కాలంలో పుట్టుక నమోదు చేయించకపోయినా అడిగే నాథుడు లేడు, మేకులు కొట్టేవాళ్లు సగం మంది చేయించలేదు. మా చర్చి బాప్తిస్మాల్లో 1850లో ఆ పేరు లేదు. ఇక మిగిలింది ఒక్కటే. నెల్ వాళ్లు అమ్మమ్మ కాలం నుంచీ కొండ మీది మెథడిస్టు చాపెల్ మనుషులు, మా చర్చిది కాని వేరే శాఖ. చాపెల్‌కీ ఒక బాప్తిస్మాల పుస్తకం ఉంటుంది.

నకలు కాపీ మీద ముద్ర వేయించుకుని రెండున్నర బస్సు పట్టుకున్నాను.

గొలుసుల వీధిలో దిగేసరికి మూడున్నర. నెల్ గడప కడుగుతోంది.

“ఏం పిల్లా, ముఖం అలా పీక్కుపోయింది? టీ పెట్టనా?”

“వస్తా నెల్ అత్తా. ముందు నోక్ బాబాయ్‌తో చిన్న పనుంది.”

నోక్ వంటింట్లో కూర్చున్నాడు. కోటు కూడా విప్పలేదు. నేను తలుపు వేసి, బిషప్ నకలు ఆయన ముందు పరిచాను.

“శనివారం బొగ్గు లేదు బాబాయ్.”

ఆయన ఆ కాగితం వంక చూశాడు. 1226 దగ్గర ఆయన చూపు ఆగింది. రాత బాగానే అర్థమైంది.

“దీనికి నకలుందా?” అన్నాడు.

“ఉంది.”

“మరి నేను చేసిందంతా…”

“దండగ.”

లేచి లోపలికెళ్లాడు. దుప్పట్ల పెట్టె మూత చప్పుడైంది. రెండు అట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి తెచ్చాడు. ఎక్కడా నలగలేదు.

“కాల్చేద్దామనే తెచ్చానే హిల్డా. పొయ్యి దాకా వెళ్లా. వెళ్లి వరసగా చదివా. జాబ్ డన్ మా ఆవిడకి ముత్తాత. ఆ పక్కన ఆయన కూతురు సారా. చేతులు రాలేదు.”

“నన్నడగొచ్చుగా?”

“అడిగితే నువ్వు ఊరుకుంటావా? నీది మీ నాన్న బుద్ధి. ఆ ఫాన్‌షా ఆ పేరు మీద వేలు పెట్టి నవ్వాడు. వాడు పోయాక శనివారం చదివి చూశా. నెల్ అమ్మమ్మ అయిదు వారాలకే పోయిందని ఉంది. ఇంక ఏం ఆలోచించను? ఈ లోకంలో నాకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే.”

“పోయింది పెద్ద కెజీయా. నెల్ అమ్మమ్మ చిన్న కెజీయా. ఇద్దరు బాబాయ్. నువ్వు ముట్టుకోకుండా ఉంటే ఈ ఆకే మన పక్షాన సాక్ష్యం చెప్పేది. ఇప్పుడు దీన్ని ఎక్కడ చూపించినా కోసింది మీరే కదా అంటారు.”

ఆయన కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు.

“జైల్లో వేస్తారా?”

“తెలీదు. ఆరింటికి పాస్టరుగారి ఇంటికి రా. నేనూ వస్తా. నువ్వే చెప్పాలి, నేను చెబితే వేరేగా ఉంటుంది.”

“నెల్‌కి మాత్రం…”

“ఆవిడకి కూడా నువ్వే చెప్పాలి.”

ఆకుని అట్టలతో సహా నా సంచీలో పెట్టుకున్నాను. ఆయన దగ్గర వదిలితే ఈసారి చేతులొస్తాయేమోనని భయం. పాతికేళ్ల కింద ఆయన మీద నాకు అలాంటి అనుమానం వస్తుందని ఎవరైనా అంటే కొట్టేదాన్ని.

చాపెల్ పుస్తకాలు డోర్కస్ విల్లెట్స్ గారింట్లో ఉంటాయి. చాపెల్ లెక్కా పత్రం చూసేది ఆవిడే. ఎనభై దాటిన మనిషి, నేనెప్పుడూ కలవలేదు. నాలుగున్నరకి తలుపు కొట్టాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని తలుపు తీసింది.

“1850 బాప్తిస్మాల పుస్తకం కావాలమ్మా. నెల్ ట్రోమన్స్ తరఫున వచ్చాను.”

“మళ్లీనా?” అంది. “శుక్రవారమేగా పట్టుకెళ్లావు? రెండు రోజుల్లో ఇస్తానన్నావు, నాలుగు రోజులైంది. నేనే కబురు చేద్దామనుకుంటున్నా.”

“నేనా?”

“నువ్వు కాకపోతే నీ దయ్యమా? ఇదిగో, సంతకం కూడా పెట్టావు.”

అలమరలోంచి చిన్న పుస్తకం తీసి చూపించింది. నవంబరు పంతొమ్మిది, పొద్దున పదకొండు. బాప్తిస్మాలు, 1838 నుంచి 1861. తీసుకున్నవారు: హిల్డా రేబోల్డ్. కుదురైన, అందమైన సంతకం. నాది కాదు.

గురువారం నాలుగింటికి ఫాన్‌షా రిజిస్టరు మూసి వెళ్లాడు. శుక్రవారం పదకొండింటికి ఈ పుస్తకం పోయింది. నేను ఈవేళ మధ్యాహ్నం కనుక్కున్నది అతను అప్పుడే కనుక్కున్నాడు. చిన్న కెజీయా ఉందని తెలిసి మరీ, పెద్ద కెజీయా సమాధి చూపించి కేసు గెలవబోతున్నాడు.

“వచ్చినావిడ ఎలా ఉందమ్మా? నాలాగే ఉందా?”

ఆవిడ జవాబు చెప్పేలోగా మళ్లీ తలుపు చప్పుడైంది. కానిస్టేబుల్ పార్గెటర్ లోపలికొచ్చాడు. నా కింద పని నేర్చుకున్నవాడే. నా వంక చూడలేక టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. వెనక ఫాన్‌షా, తోలు సంచీతో.

“చూశారా,” అన్నాడు ఫాన్‌షా. “చెప్పానుగా, ఆవిడ ఇక్కడే ఉంటుందని.”

“మేడమ్, ఒక ఫిర్యాదు వచ్చింది,” అన్నాడు పార్గెటర్. “చర్చి రిజిస్టరులో ఆకు పోయింది. ఇక్కడ ఒక పుస్తకం మీ సంతకంతో వెళ్లి తిరిగి రాలేదట. తప్పుగా అనుకోకండి. ఆ సంచీ ఒకసారి…”

వద్దనొచ్చు. వారంటు ఏదని అడగొచ్చు. ఆ అడగడం అతనికి నేర్పింది నేనే. కానీ పొద్దున్నించి ఈ కేసులో ప్రతివాళ్లూ ఏదో ఒకటి దాచినవాళ్లే. నేనూ పాస్టరుగారి దగ్గర దాచాను, నోక్ దగ్గర నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఇక చాలనిపించింది.

సంచీ తెరిచి, అట్టలు విప్పి, ఆకుని బల్ల మీద పెట్టాను. దాని పక్కన బిషప్ నకలు, దాని పక్కన జనాభా లెక్కల కాపీ.

“ఇదే ఆ ఆకు. కోసింది నేను కాదు. కోసినాయన ఆరింటికి పాస్టరుగారి దగ్గర తనే చెబుతాడు, నువ్వూ రా. టైము రాసుకో పార్గెటర్, నాలుగూ యాభై. చాపెల్ పుస్తకం నేను తీసుకోలేదు. ఆ సంతకం నాది కాదు.”

పార్గెటర్ ముఖం పాలిపోయింది. ఫాన్‌షా ముఖం వెలిగిపోయింది.

“ఇంకేం కావాలి? దొంగసొత్తు సంచీలోనే ఉంది. అది కోసింది ఎవరో, పుస్తకం తీసుకున్నదీ వాళ్లే.”

“కాస్త ఆగు నాయనా,” అంది డోర్కస్ విల్లెట్స్.

ఆవిడ కళ్లజోడు తీసి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. గది ఆ చివరికి, కిటికీ దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణించి మమ్మల్ని ముగ్గురినీ తేరిపార చూసింది.

“ఇవి చదువుకోడానికి. దగ్గరున్న మొహాలు నాకు పిండిముద్దల్లా ఉంటాయి, ఆడమనిషీ ముదురు కోటూ అయితే ఎవరైనా ఒకటే. కానీ దూరం చూడమను, కొండ కింద గడియారంలో ముల్లు చెబుతా.” నా వైపు వేలు చూపించింది. “ఈమె కాదు. శుక్రవారం వచ్చినామె ఇంకో జానెడు పొడుగు. గేటు దగ్గర్నుంచి నడిచి వెళ్తుంటే కిటికీలోంచి చూశా. మూల మీద ఎర్ర కారు ఆగి ఉంది, అందులో ఎక్కింది.”

ఫాన్‌షా సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“వీధిలో ఎర్ర కార్లకేం కొదవ?”

“కార్లకి కొదవ లేదు నాయనా,” అంది ఆవిడ. “నేను చెప్పేది కారు సంగతి కాదు. ఆమె ఇచ్చిన మా పుస్తకాన్ని కిటికీలోంచి అందుకుని, ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పినవాడి సంగతి. చాపెల్ పుస్తకాన్ని చూడటానికి వేలు నాలికతో తడి చేసుకుంటాడేమిట్రా వీడు అనుకున్నా. ఆ మనిషివి నువ్వే.”

పార్గెటర్ టోపీ పెట్టుకుని, తలుపుకీ ఫాన్‌షాకీ మధ్యకి నడిచి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

“సార్, మీ తోలు సంచీ కూడా ఆ బల్ల మీద పెడతారా?”